కీబోర్డులో అక్షింత గింజ

హంసా, పోయిన ఆదివారం నువ్వు నాగపూర్ నుంచి ఫోను చేసి, వచ్చే నెల ల్యాప్‌టాప్‌ల షాపులో పనికి చేరుతున్నానని చెప్పావు. "అవ్వా, తక్కువ ధర ల్యాప్‌టాప్ గట్టిదో కాదో ఎట్లా కనిపెట్టాలి?" అని అడిగావు. "చేత్తో" అన్నాను. నువ్వు నవ్వావు. వెనక నుంచి నీ తమ్ముడు వరుణ్ కూడా నవ్వాడు. ఫోనులో చెయ్యి పట్టుకుని చూపించలేను కదా, అందుకే రాస్తున్నాను. వరుణ్ కాలేజీకి ఒకటి కొనాలంటున్నాడట, వాడూ చదవనీ.

ముప్పై ఏళ్లకు పైగా వస్తువుల మంచిచెడ్డలు చూడడమే నా పని. మొదట హోసూరులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో, ఆ తర్వాత కృష్ణగిరిలో శెట్టిగారి ల్యాప్‌టాప్ షాపులో. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, అవన్నీ మీకు అక్కర్లేదు. నాకు పని నేర్పిన ఒకావిడ గురించి, నాతో రోజూ వాదించిన ఒకాయన గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. తప్పు గురించే ఎక్కువ.

వేళ్ల చదువు

ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజరమ్మ ధర్మపురి వైపు మనిషి. మాట్లాడేది తమిళం, తిట్టేది మాత్రం తెలుగులో. నేను చేరిన మొదటి వారం నా ముందు పది ప్లాస్టిక్ పెట్టెలు వరుసగా పెట్టి, "కండ్లు మూసుకో" అంది.

"కండ్లు మూసుకుంటే ఎట్ల కనపడతాది అక్కా?"

"చూసేదానికా నిన్ను పెట్టుకునింది? తడిమి చెప్పు. ఒకటి చెడ్డది ఉంది."

రెండుసార్లు తప్పు చెప్పాను. మూడోసారి ఏడో పెట్టె అంచు దగ్గర నా వేలు ఆగింది. చూస్తే కనపడని సన్నటి మిట్ట అది. "మెరిసేది చూస్తే కన్ను సర్దుకుంటాది. ఏలు సర్దుకోదు" అంది ఆవిడ. నాకు పనిలో దొరికిన మొదటి పాఠం అదే. ఆ తర్వాత చదివిన కోర్సులూ, గోడకు తగిలించిన నోటీసులూ దీనికి తోక మాత్రమే.

శెట్టిగారూ, నేనూ

ఫ్యాక్టరీలో మా లైను మూసేశాక కృష్ణగిరిలో శెట్టిగారి షాపులో చేరాను. ఆయన నాన్న అదే కొట్లో రేడియోలు అమ్మేవారు. శెట్టిగారికి మనుషులు తెలుసు. లోపలికి వచ్చేవాడి చెప్పులు చూసి ఏ ధరలో చూపించాలో చెప్పేసేవారు. వస్తువు మాత్రం ఆయనకు పైపైనే తెలుసు. అందుకే కొత్త మోడల్ పది తెప్పించే ముందు ఒకటి తెప్పించి నా బల్ల మీద పెట్టేవారు. నేను సరే అంటేనే మిగతా తొమ్మిది.

నేను బరువు చూడను. బరువున్నదల్లా గట్టిది కాదు. ముందు అరచెయ్యి ఆనించే చోట, ముందువైపు మూల ఒకటి పట్టుకుని ఒంటిచేత్తో పైకి ఎత్తుతాను. ఒళ్లు వంగి కిర్రుమంటే లోపల చట్రం పల్చన అని అర్థం. పొద్దున్నే షాపు తెరవగానే మూత మీద చెయ్యి ఆనిస్తాను. లోహమైతే చల్లగా తగులుతుంది. లోహంలా మెరిసే రంగు పూసిన ప్లాస్టిక్ అంత చల్లగా తగలదు. ప్లాస్టిక్ కావడం తప్పు కాదమ్మా, లోహమని నమ్మించడం తప్పు.

ఆ తర్వాత మూతను, కింది ఒంటిని కలిపే కీలు. షాపులో హింజ్ అంటాం. ఒక వేలితో మూత తెరువు. మూత బిగువుగా ఉంటే చాలామంది గట్టిదనుకుని మురిసిపోతారు. అది పొరపాటు. బిగువైన హింజ్‌ను పల్చటి ప్లాస్టిక్‌లో బిగిస్తే, తెరిచిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్‌ను పీకుతూనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మూల విచ్చుకుంటుంది. అందుకని మూత తెరుస్తూ కళ్లను తెర మీద కాదు, హింజ్ ఉన్న మూలల మీద పెట్టు. అక్కడ సన్నటి సందు తెరుచుకుని మూసుకుంటే ఆ మోడల్‌కు దండం పెట్టి పంపెయ్. లోపల స్క్రూలు దిగేచోట చిన్న ఇత్తడి నట్లు ఉంటాయి. అవి ప్లాస్టిక్‌లో ఎంత లోతుగా కూర్చున్నాయో విప్పి చూస్తే, ఆ కంపెనీ మనసు ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

ఇదంతా చూసి శెట్టిగారు ఒకరోజు అన్నారు: "పద్మమ్మా, నువ్వు ల్యాప్‌టాప్ చూస్తాండావా, కోడల్ని చూస్తాండావా?"

"కోడలైతే నచ్చకుంటే నోరు తెరిచి చెప్తాది అన్నా. ఇది చెప్పదు. మనమే ఇనుకోవాల."

"నువ్వు ఇనేలోపల పక్కషాపోడు పది అమ్మేస్తాడమ్మా."

"ఆ పదీ ఆర్నెల్లకు మన రిపేరు బల్లకే వస్తాయిలే, సుమ్మా ఊరుకోండి."

చివరి పరీక్ష ఇంకొకటి ఉంది. మా ఇల్లు హోసూరు, షాపు కృష్ణగిరి. కొత్త మోడల్‌ను మామూలు గుడ్డసంచిలో వేసి, ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చేదాన్ని. సూళగిరి దగ్గర బస్సు ఎగిరినప్పుడల్లా సంచిలోంచి ఏం చప్పుడు వస్తుందో వినేదాన్ని. ఈ ల్యాప్‌టాప్‌లు కొనే పిల్లలు ఎక్కేది కూడా ఆ బస్సే. ఏసీ గదిలో, గాజుబల్ల మీద పెట్టి చూస్తే ఏ వస్తువైనా గట్టిగానే ఉంటుంది.

తక్కువ ధరలో కొనేవాళ్లను నువ్వు చులకనగా చూడొద్దు హంసా. ఎక్కువ పెట్టగలిగినవాడికి ఇది పోతే ఇంకొకటి. వీళ్లకు ఇదొక్కటే. అందుకే మన చూపు ఈ బల్ల దగ్గరే నిదానంగా ఉండాలి.

ఆయుధపూజ

హోసూరు పక్కన బాగలూరులో గులాబీలు పండించే గోపాలప్ప మా షాపులో ఒక ల్యాప్‌టాప్ కొన్నాడు, కూతురు మంజుల కోసం. ఆ పిల్ల కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి కంప్యూటర్ల చదువు చదివేది. ఆఖరి సంవత్సరం. తోటలో చేతులు చాలక గోపాలప్పకు ఆమెను పంపడం ఇష్టంలేదు. కూతురు పట్టుబట్టి వచ్చింది. కొన్న రోజు ఆయన నా ఎదుటే చెప్పాడు: "ఇదొకటే మంజులా. దీన్ని పాడు చేసుకుంటే ఇంగ తోటకే."

ఆ మోడల్‌ను ఎంచింది నేనే. దాని హింజ్ చాలా బాగుంది. ఇత్తడి నట్లు లోతుగా ఉన్నాయి. మూత వెనక బొటనవేలు పెట్టి నొక్కితే మాత్రం తెర మీద బొమ్మ నీళ్లలా అలలు తిరిగింది. మూత పల్చన అని తెలుసు. "ఈ ధరకు ఇంతే, హింజ్ నిలబడితే చాలు" అని సర్దుకున్నాను. వేలు సర్దుకోలేదు, నేనే సర్దుకున్నాను.

ఆరేడు నెలల తర్వాత, ఆయుధపూజకు ముందురోజు మంజుల దాన్ని తెచ్చింది. కింద ఒక స్క్రూ వదులైంది, అంతే. బిగించి, తెర వెలిగించి చూసి, బాగుందని నా బల్ల మీదే పెట్టాను. పండగ సెలవులు అయ్యాక వచ్చి తీసుకుంటానంది.

మా వైపు ఆయుధపూజ నాడు పని చేసే ప్రతి వస్తువుకూ పూజ చేస్తాం. స్క్రూడ్రైవర్లకు, బస్సులకు, తూకపురాయికి, అన్నిటికీ. షాపులో ల్యాప్‌టాప్‌లకు కూడా. మూత మీద కుంకుమ పెడితే కొత్త సరుకుకు మరక పడుతుందని శెట్టిగారికి దిగులు. అందుకని మేం మూత తెరిచి, కీబోర్డు మీద ఒక చామంతి పెట్టి, నాలుగు అక్షింతలు వేసి, హారతి ఇచ్చేవాళ్లం. ఏళ్ల తరబడి అదే అలవాటు. మంజుల ల్యాప్‌టాప్ షాపు సరుకు కాదు. అయినా బల్ల మీద ఉంది కదా, చదువుకునే పిల్లది కదా అని దానికీ తెరిచి పువ్వు పెట్టాను. నాలుగు గింజలు ఎక్కువే వేశాను.

సాయంత్రం పూలు తీసేసి, బ్రష్షుతో దులిపి, మూతలు మూసి, ఒకదాని మీద ఒకటి అల్మారాలో పేర్చాను.

సెలవుల తర్వాత షాపు తెరిచిన రోజు జనం కిటకిట. మంజుల వచ్చింది. రిపేరు వస్తువును కొన్నవాళ్ల ఎదుట తెరిచి, వెలిగించి చూపించి ఇవ్వాలనేది నేను పెట్టిన నియమమే. ఆ రోజు చూపించలేదు. "స్క్రూ ఒకటే కదమ్మా, ఎత్తుకుపో" అని చేతిలో పెట్టేశాను.

"అందరూ అట్లే చెప్తారు"

రెండు రోజులకు తండ్రీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు. గోపాలప్ప మొహం బిగుసుకుని ఉంది. మంజుల మూత తెరిచి వెలిగించింది. తెర నిండా సాలెగూడులాగా పగుళ్లు.

"హాస్టల్లో తెరిసేటప్పుడే అట్ల ఉండింది ఆంటీ" అంది.

నేను తెర మీద వేలు నడిపాను. పై పొరకు గీత లేదు, పగులంతా లోపలే. మూత అంచులు నలగలేదు. కింద పడింది కాదు, ఒత్తిడికి పగిలింది. అంతవరకు నా తీర్పు సరైనదే. ఆ తర్వాతి మాటే సరికాదు.

"ఇది ఒత్తుకుని పగిలిండేది. బ్యాగులో దీని మీద ఏందో బరువు పెట్టినావు తల్లీ" అన్నాను.

"నేను ఏమీ పెట్టలేదు ఆంటీ. నోట్సు ఒకటే."

"అందరూ అట్లే చెప్తారు" అన్నాను. కోపంగా కాదు. నా గొంతు మీకు తెలుసు కదా, మెల్లగానే అన్నాను.

గోపాలప్ప కూతురి వైపు తిరిగాడు. "పద్మమ్మ ఇన్నేండ్లుగా చూస్తాంది. ఆమె అబద్ధం చెప్తాదా? పగలగొట్టుకునింది సాలక నా ముందర కథలా? పా ఇంటికి. చదివింది సాలు."

"నాయనా, ఇంగ ఆర్నెల్లే…"

"తోటలో ఆర్నెల్ల పని ఉంది."

ల్యాప్‌టాప్‌ను నా బల్ల మీదే వదిలేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. నన్ను ఒకసారి చూసి తండ్రి వెనక మెట్లు దిగి వెళ్లిపోయింది. సాయంత్రానికి హాస్టల్ ఖాళీ చేయించి బాగలూరుకు తీసుకుపోయాడని శెట్టిగారికి ఎవరో చెప్పారు.

గింజ

మర్నాడు తెర మార్చడానికి ఎంత పని ఉందో చూద్దామని ఆ ల్యాప్‌టాప్ ముందేసుకున్నాను. బరువుకు పగిలిన తెరలు చాలా చూశాను. పగుళ్లు వెడల్పుగా, దిక్కుతోచనట్టు పోతాయి. ఇది అట్లా లేదు. గీతలన్నీ ఒక్క చుక్కలోంచి బయలుదేరాయి, ఆవగింజంత చుక్క. మూత మెల్లగా దించి, ఆ చుక్క కింద ఏ మీట వస్తుందో చూశాను. తర్వాత కింద తెల్లగుడ్డ పరిచి, ల్యాప్‌టాప్‌ను బోర్లించి, వెనక రెండుసార్లు తట్టాను.

పసుపు రాసిన బియ్యపు గింజ ఒకటి, రెండు ముక్కలై గుడ్డ మీద పడింది.

నిజం చెబుతున్నాను హంసా, అప్పుడు కూడా నాకు మొదట తట్టిన మాట, "హాస్టల్లో ఈ పిల్ల పూజ చేసిందేమో" అని. మనసు అంత మొండిది. తను పట్టుకున్న దొంగను వదలదు. లేచి అల్మారాలోని కొత్త ల్యాప్‌టాప్‌లు రెండు తెచ్చి బోర్లించి తట్టాను. ఒకదాంట్లోంచి ఒక గింజ, ఇంకోదాంట్లోంచి మూడు రాలాయి. వాటి తెరలు బాగానే ఉన్నాయి. వాటి మూతలు మందం. మంజులది పల్చన. పైన ఇంకో మూడు పేర్చింది నేనే. అల్మారాలోనే పగిలిపోయిన తెరను మూసినది మూసినట్టే ఆ పిల్ల చేతికి ఇచ్చాను.

శెట్టిగారిని పిలిచి గుడ్డ చూపించాను.

"కొత్త తెర ప్యానెల్ మనమే ఏసి ఇచ్చేద్దాం పద్మమ్మా. పండగ ఆఫర్ అని చెప్దాం. గింజ సంగతి ఇప్పుడు ఏటికి?"

"మరి ఆ పిల్ల?"

"తెర బాగైతే పిల్లా బాగానే ఉంటాది."

"తెర బాగైతాది అన్నా. ఆ పిల్ల మాట బాగవదు. వాళ్ల నాయన కండ్లకు ఆమె ఇప్పుడు అబద్ధాలకోరు."

"షాపు నీ మాట మీద నడస్తాంది. నువ్వే తప్పు చేసినావంటే రేపు ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే తెరిచి చూసుకోనీండి. అదీ మంచిదే."

శెట్టిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన చెడ్డవారు కాదమ్మా. కొట్లో పుట్టి కొట్లో పెరిగిన మనిషి, షాపు పేరు ఆయనకు ఒంటి మీద చర్మంలాంటిది. చివరకు, "ప్యానెల్ రేపే తెప్పిస్తాను. నువ్వే పోయి చెప్పు. నాకు మొగం చెల్లదు" అన్నారు.

బాగలూరులో

కొత్త తెర వేసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని, గింజ ముక్కలను స్క్రూల డబ్బీలో వేసుకుని బస్సెక్కాను. ఆ రోజు సూళగిరి దగ్గర బస్సు ఎగిరినప్పుడు సంచి చప్పుడు వినలేదు. గోపాలప్పకు ఏం చెప్పాలో అదే వల్లెవేసుకుంటున్నాను.

వల కట్టిన గులాబీ తోటలో మంజుల కూర్చుని పూల కాడలకు ముళ్లు తీస్తోంది. ఇరవై పూలకు ఒక కట్ట. పక్కన గోపాలప్ప కట్టలకు అట్టముక్కలు చుడుతున్నాడు.

"ఏమమ్మా, ఇంత దూరం వచ్చినారు? బాగుచేసేకి ఏమైనా ఎక్కువ అడగల్లనా?" అన్నాడు.

"లేదు గోపాలప్పా. తప్పు ఒప్పుకునేదానికి వచ్చినాను."

డబ్బీ మూత తీసి ఆయన చేతిలో పెట్టాను. పూజ ఎట్లా చేశామో, ఎట్లా పేర్చానో, మంజులకు ఎందుకు తెరిచి చూపించలేదో, అన్నీ చెప్పాను. ఆయన ఆ రెండు ముక్కలను వేలితో కదిలించి చూశాడు.

"దేవుడికని ఏసిన గింజ నా బిడ్డను అబద్ధాలదాన్ని చేసిందా?"

"గింజ కాదప్పా, నేను. గింజకు నోరు లేదు. మీ పాప మీద చెప్పింది నేను."

మంజుల కత్తెర కింద పెట్టి, చేతులు తుడుచుకుని నా ఎదుటికి వచ్చింది.

"ఆంటీ, ఆ పొద్దు మీరు గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మీరు మెల్లగా చెప్పినారు. దానికే మా నాయన నమ్మేసినాడు."

జీవితమంతా అందరూ మెచ్చుకున్న నా గొంతు అది. అది ఒకరి నోరు నొక్కగలదని ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు నా ముందర తెరవండి" అంది మంజుల.

పూల బల్ల మీద చోటు చేసి తెరిచాను. తెర వెలిగింది. ఆ పిల్ల కిందికి వంగి నాలుగు మూలలూ చూసింది. ఒక వేలితో మూత మూసి, మళ్లీ ఒక వేలితో తెరిచింది. కొన్న రోజు నేను చేసి చూపించినట్టే. తర్వాత దాన్ని ఎత్తి, బోర్లించి, వెనక తట్టింది. ఏమీ పడలేదు.

గోపాలప్ప ఇంకో కట్టకు అట్ట చుడుతూ, తల ఎత్తకుండానే అడిగాడు: "హోసూరుకు మొదటి బస్సు ఎన్ని గంటలకు?"

"ఆరుంబావుకు" అంది మంజుల.

"రేపు పో. హాస్టలోళ్లతో నేను మాట్లాడతాను."

"పూలు ఎవరు కడతారు? నువ్వు కడితే ఇరవైకి పద్దెనిమిదే ఉంటాయి."

"కట్టుకుంటాలే పో. పెద్ద చెప్పొచ్చింది" అన్నాడు. నేను వచ్చేటప్పుడు ఒక గులాబీల కట్ట నా సంచిలో పెట్టబోయాడు. వద్దన్నాను. మంజుల తీసుకోమంది. తీసుకున్నాను.

నీ బల్ల దగ్గర

ఆ తర్వాత మా షాపులో పూజ ఆగలేదు. పువ్వు మాత్రం మూసిన మూత మీద, కింద కాగితం వేసి పెట్టాం. అక్షింతలు బల్లకూ, స్క్రూడ్రైవర్లకూ మాత్రమే. కుంకుమ మరకకు భయపడి మేం లోపలికి పంపిన దేవుణ్ని మళ్లీ బయటికి తెచ్చుకున్నామన్నమాట. అలాంటి పల్చటి మూతల మోడల్‌ను శెట్టిగారు మళ్లీ తెప్పించలేదు. మూత మూసి మధ్యలో అరచెయ్యి ఆనించి కొంచెం నొక్కు. లోపలికి దిగినట్టుంటే ఆ ల్యాప్‌టాప్ బస్సులకు, హాస్టళ్లకు పనికిరాదు. వరుణ్, నువ్వు కొనేది ఏదైనా ఇది మరిచిపోవద్దు. హింజ్ ఎంత బాగున్నా సరే.

హంసా, నీ షాపులో వాళ్లు నీకు చాలా నేర్పుతారు. ప్రాసెసర్లు, మెమొరీలు, నాకు తెలియనివన్నీ. నీ గొంతు కూడా నా గొంతులాగే మెల్లగా ఉంటుందని మీ అమ్మ చెబుతూ ఉంటుంది. అందుకే ఇది నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏదో ఒకరోజు పగిలిన తెరతో ఒక పిల్ల నీ బల్ల ముందు నిలబడుతుంది. "నేనేమీ చేయలేదు" అంటుంది. వెనక వాళ్ల నాన్న నీ నోటివైపే చూస్తూ ఉంటాడు. నువ్వు ముందు కింద ఒక తెల్లగుడ్డ పరుచు. ల్యాప్‌టాప్‌ను బోర్లించి రెండుసార్లు తట్టు. ఆ తర్వాత మాట్లాడు.